అన్నమయ్య వంటింట్లో ఎండుమిరపకాయ

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం పేజీల్లో వేసే 'తేడాలు కనిపెట్టండి' బొమ్మల్ని ఇక కొంచెం మార్చండి సార్. ఒకదాంట్లో చొక్కాకి బొత్తాం ఉండదు, ఇంకోదాంట్లో పిల్లికి తోక ఉండదు, ఎన్నేళ్లని ఇవే చూస్తాం?

మా ఇంట్లో పిల్లలూ నేనూ ఇప్పుడు ఫోన్లో ఒక గేమ్ పట్టుకున్నాం. గడియారం ముల్లు తిప్పితే పాత కాలానికి పోతాం, అక్కడ చిందరవందరగా ఉన్న గదిలో కింద ఇచ్చిన లిస్టు చూసి తాళంచెవి, నెమలి ఈక లాంటివి వెతకాలి, అవేమో కర్టెన్ మడతల్లో అదే రంగులో కలిసిపోయి కూర్చుంటాయి. అసలు మజా అంతా ఆ కాలానికి చెందని వస్తువును పట్టుకునే రౌండులోనే. హింట్ కావాలంటే యాడ్ చూడు, ఎనర్జీ అయిపోతే డబ్బు కట్టు అని ప్రాణం తీస్తుందనుకోండి, అది వేరే గొడవ. రోము, ఈజిప్టు అన్నీ తిరిగే ఆ గడియారం మన చంద్రగిరికి మాత్రం రాదు.

అందుకే ఆ కాలానికి చెందని వస్తువు దాచిన బొమ్మలు మీరే వేయండి. 1565లో తళ్లికోట యుద్ధం పోయాక విజయనగర రాజులు పెనుకొండకు, తర్వాత చంద్రగిరికి వచ్చారు కదా, ఆ రాజమహల్ బొమ్మ ఒక వారం. తిరుమల గుళ్లో ఒక గదిలో వందల ఏళ్లు ఉండిపోయిన అన్నమయ్య రాగిరేకులు ఇంకో వారం.

చేతి గడియారం, టార్చిలైటు లాంటివి పెట్టకండి, అవి ఎవరైనా పట్టేస్తారు. అన్నమయ్య వంటిల్లు గీయించి మూల ఎండుమిరపకాయలు పెట్టండి. పోర్చుగీసువాళ్ల ఓడలు మన దేశానికి వచ్చిందే 1498లో, అన్నమయ్య పోయింది 1503లో, మిరప ఆ ఓడలవాళ్ల వల్లే వచ్చింది కాబట్టి ఆయన ఇంట్లో కారమంటే మిరియాలే. టమాటా, ఉర్లగడ్డ కూడా అంతే. ఇంకా తమాషా, మన జిల్లాలో ఎక్కడ చూసినా పండే చెనక్కాయ కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. రాగి సంగటి ఉంటుంది, అందులోకి చెనక్కాయ పచ్చడి ఉండదు! ఈ మాట చెప్తే మా చిన్నోడు ఇప్పటికీ నమ్మడం లేదు.

ఒక్క మనవి. జవాబులు అదే పేజీలో తలకిందులుగా అచ్చు వేయకండి, మా ఇంట్లో పేపరు రాగానే తిప్పి చదివేస్తారు. మరుసటి వారం వేయండి, ఏ వస్తువు ఎక్కణ్ణించి ఎప్పుడొచ్చిందో ఒక ముక్క రాసి.

– ఒక పాఠకురాలు, తిరుపతి