మీరు నాలుగుసార్లు ‘పరిష్కరించబడింది’ అని మూసేసిన ఫిర్యాదు గురించి

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

కస్టమర్ కేర్ పెద్దలకు,

మీ పేరు అడిగితే ఎవరూ చెప్పలేదు. అందుకే పెద్దలకు అని రాస్తున్నాను.

ఆర్డరు నంబరు ఇక్కడ మళ్లీ రాయడం లేదు. మీవాళ్లకి 11 సార్లు చెప్పాను. ఈపాటికి ఎక్కాల్లాగా నోటికి వచ్చేసి ఉండాలి.

మా మనవరాలు చదువుకని బెంగళూరు వెళ్తూ తన రెండు గినీ పిగ్గుల్ని (కుందేలు పిల్లంత ఉండే పెంపుడు ప్రాణులు) నాకు అప్పజెప్పింది. పేర్లు బూరె, గారె. రెండూ ఆడవే. నాలుగేళ్లుగా వాటి గడ్డి, మేత, కింద పరిచే చెక్కపొట్టు అన్నీ మీ దగ్గరే కొంటున్నాం. వీధి చివర షాపులో చవగ్గా దొరుకుతున్నా కొన్నది మీ దగ్గరే. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

మొన్న మీరు పంపిన మేత ప్యాకెట్టు మీద తయారీ తేదీ స్టిక్కరు అంటించి ఉంది. అంచు లేచి ఉంటే గోరుతో గీకాను. కింద ఇంకో తేదీ. రెండింటికీ మధ్య 8 నెలలు. అప్పటికే ఆ ప్యాకెట్టు సగం అయిపోయింది, బూరెకి జుట్టు ఊడటం మొదలైంది. వీపు మీద చెయ్యి వేస్తే బూరుగుదూదిలా కుచ్చులు కుచ్చులుగా అరచేతిలోకి వచ్చేది. కింద ఎర్రటి చర్మం, దాని మీద తవుడు చల్లినట్టు పొట్టు. రాత్రి 2 గంటలకి బోను చువ్వలు టకటకలాడితే లేచి చూశాను. వెనక కాలితో గోక్కుంటూ గోక్కుంటూ పక్కకి పడిపోయి కొట్టుకుంటోంది. దురద ముదిరితే వాటికి ఫిట్సు దాకా వస్తుందట. అది నాకు మర్నాడు డాక్టరు చెబితేగానీ తెలీదు.

ఆ డాక్టరు గారు చర్మం కాస్త గీకి మైక్రోస్కోపు కింద చూసి గజ్జి పురుగులని తేల్చారు. గుండ్రటి మచ్చలు లేవు కాబట్టి తామర కాదన్నారు, అయినా నా చేతులు కూడా చూశారు, తామరైతే మనుషులకీ అంటుకుంటుందట. ఆడవాటికి అండాశయంలో నీటిబుడగలు వస్తే రెండు డొక్కల్లోనూ సమానంగా ఊడుతుంది, దురద ఉండదు, ఇది అదీ కాదన్నారు. బరువు తూచి ఇంజక్షను చేశారు. ఏమీ లేని గారెకి కూడా చేశారు. 10 రోజులకి మళ్లీ రమ్మన్నారు.

పురుగు మీ మేతలోంచి వచ్చిందని నేను అనడం లేదు. డాక్టరు గారూ అనలేదు. అవి ఒంటి మీద ఎప్పట్నుంచో ఉండి, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు విజృంభిస్తాయన్నారు. గినీ పిగ్గు మనలాగే విటమిన్ సి సొంతంగా తయారు చేసుకోలేదు, రోజూ తిండిలో అందాల్సిందే. మేతలో కలిపిన విటమిన్ తయారైన మూడు నెలలకల్లా చాలావరకు పోతుంది. మరి 8 నెలల మేతకి కొత్త తేదీ అంటించి పంపితే ఆయన ఏమంటారు? ఏమీ అనలేదు. ప్యాకెట్టు అటూ ఇటూ తిప్పి నా చేతిలో పెట్టారు. ఇప్పుడు రైతుబజారు నుంచి రోజూ క్యాప్సికం, కొత్తిమీర తెచ్చి పెడుతున్నాను.

ఇదంతా పొరపాటు అనుకుని ఊరుకుందును. ఎక్కడైనా జరుగుతుంది. నాకు కడుపు మండింది తర్వాత మీరు చేసిన మర్యాదకి.

మొదటి ఫోను: 22 నిమిషాలు సన్నాయి వినిపించి, ‘మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం’ అని తొమ్మిదిసార్లు చెప్పి, చివరికి ఒకాయన వచ్చాడు. అంతా విని, “సార్, మీ డాగ్ ఏ బ్రీడ్?” అన్నాడు. డాగ్ కాదు నాయనా, గినీ పిగ్ అన్నాను. “సారీ సార్, మేం పందుల దాణా అమ్మం” అని పెట్టేశాడు. రెండో ఆయనకి బూరెకి జుట్టు ఊడుతోందని చెప్పాను, కొంచెంసేపు వెతికి “బూరె మా కేటలాగ్‌లో లేదు సార్” అన్నాడు. తప్పు నాదే, పేరుతో చెప్పకుండా ఉండాల్సింది.

మీ చాట్‌లో ఒక బొమ్మ ఉంది, తోక ఊపుతుంది. ‘మీ పెట్ సంతోషంగా ఉందా?’ అని అడిగింది. ‘లేదు’ నొక్కాను. రబ్బరు ఎముక మీద 15 శాతం తగ్గింపు ఇచ్చింది.

మూడో ఆయన ప్యాకెట్టు విప్పుతున్న వీడియో ఉందా అన్నాడు. ఇంటికి మేత ప్యాకెట్టు వస్తే వీడియో తీసుకుంటూ విప్పాలని నాకెవరు చెప్పారు? అదే నోటితో, కుక్కలకి వేసే గోమారి మందు ఆర్డరు పెట్టుకోండి సార్, అన్ని పెట్స్‌కీ పనిచేస్తుందని సలహా కూడా ఇచ్చాడు. ఈ మాట మా డాక్టరు గారికి చెబితే ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. కుక్క మందు తెలిసీ తెలియక ఇంత చిన్న ప్రాణి మీద వేస్తే అసలుకే మోసం వస్తుందట. మీ ఉద్యోగి మందు చీటీ రాస్తున్నాడని మీకు తెలుసా?

ప్రతిసారీ ‘48 గంటల్లో మా సీనియర్ మాట్లాడతారు’. ప్రతిసారీ 48 గంటలకి ఫోను రాదు, మెసేజ్ వస్తుంది: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మాకు ఎన్ని స్టార్లు ఇస్తారు?

నేనే వెళ్దామని రెండు బస్సులు మారి ఆటోనగర్‌లో మీ గోడౌనుకి వెళ్లాను. గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు నీడలో కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు, “లోపలికి ఎవరినీ పంపొద్దన్నారు బాబూ, ఆన్‌లైన్‌లోనే చెప్పాలంట” అన్నాడు. మీ కంపెనీ మొత్తంలో నన్ను కూర్చోమన్నది అతనొక్కడే. ఫోన్లో ఒక అమ్మాయి మాత్రం, మాటని బట్టి సిక్కోలు పిల్ల అనుకుంటాను, చివరిదాకా విని “తాతగారూ, మా చేతుల్లో ఏం లేదండీ” అంది. వీళ్లిద్దరినీ ఏమీ అనకండి.

నేను పోర్టు ఆఫీసులో 34 ఏళ్లు డిస్పాచ్ సెక్షన్‌లో పనిచేశాను. పిచ్చివాడు రాసిన ఉత్తరానికి కూడా ఇన్‌వార్డ్ నంబరు వేసి, జవాబు వెళ్లేదాకా ఫైలు మూసేవాళ్లం కాదు.

ప్రతి ఆదివారం మనవరాలు వీడియో కాల్ చేస్తుంది. బూరెకి జుట్టున్న వైపు తిప్పి చూపిస్తున్నాను. ఇంకెన్ని ఆదివారాలు తిప్పగలనో తెలీదు.

ప్యాకెట్టు డబ్బులు వెనక్కి ఇస్తామంటే ఇవ్వండి, అది నాకు పెద్ద లెక్క కాదు. ఆ స్టిక్కర్లు అంటించిన మిగతా ప్యాకెట్లు ఎన్ని ఇళ్లకి వెళ్లాయో వాళ్లకి చెప్పండి. ఎవరో ఒక మనిషి నాకు సంతకం పెట్టి జవాబు రాయండి. 15 రోజులు చూస్తాను. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. అక్కడ 5 లక్షల లోపు కొనుగోళ్లకి ఫీజు కూడా లేదు, నాకు తీరికా బోలెడంత ఉంది. చిరిగిన స్టిక్కరుతో సహా ప్యాకెట్టు బీరువాలో దాచాను.

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో, అందినట్టు రసీదు కోరుతూ పంపుతున్నాను. అది తీసుకోవాలంటే మీలో ఎవరో ఒకరు సంతకం పెట్టక తప్పదు.

ఇట్లు,
మీ నాలుగేళ్ల కస్టమరు
(డాగ్ లేదు)