వాడేసిన బొగ్గు ఎక్కడికి పోతోంది?

సంపాదకులు గారికి,

మాది బాచుపల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్. బోరు నీళ్లు కెమికల్ వాసన వస్తున్నాయని పోయినేడాది యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్, అంటే నీళ్లలోని రసాయనాలను పట్టేసే ప్రత్యేకమైన బొగ్గు నింపిన ఫిల్టర్ పెట్టించుకున్నాం. వాసన పోయింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆర్నెల్లకు బొగ్గు మార్చడానికి వచ్చిన మనిషి పాత బొగ్గును పక్క ఖాళీ ప్లాటులో కుమ్మరించి వెళ్లిపోయాడు. ఆ ప్లాటుకీ మా బోరుకీ మధ్య ఒక్క ప్రహరీ గోడే అడ్డం!

బొగ్గు విషాన్ని చంపదండీ, పట్టి ఉంచుతుంది, అంతే. ఒక్క గ్రాములో ఉండే సన్నటి రంధ్రాల లోపలి గోడలన్నీ పరిస్తే దాదాపు వెయ్యి చదరపు మీటర్లు వస్తాయి, సాల్వెంట్లూ (ఫ్యాక్టరీల్లో వాడే ద్రావకాలు) పురుగుమందులూ అక్కడ అతుక్కుని కూర్చుంటాయి. దాన్ని తెచ్చి వానలో పోస్తే మనం డబ్బిచ్చి తీయించుకున్నదే మళ్లీ భూమిలోకి దిగే ప్రమాదం ఉంది. ఫ్యాక్టరీల్లో సాల్వెంట్లు శుద్ధి చేశాక మిగిలే కార్బన్‌ను 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో చేర్చారు, మరి మా మేడ మీది ఫిల్టర్ ట్యాంకులోంచి తీసిన బొగ్గు సంగతి ఎవరు అడుగుతున్నారు?

తప్పు మాదీ ఉంది. అందరికంటే తక్కువ కొటేషన్ చూసి ఒప్పుకున్నాం, పాత బొగ్గు ఎవరు తీసుకెళ్లాలో అందులో లేదు. పైగా ఫిల్టర్‌కున్న రెండు ట్యాంకుల్లోని బొగ్గూ ఒకేసారి మార్చేశారు. మా బ్లాకులో ఉండే రిటైర్డ్ కెమికల్ ఇంజినీర్ గారు చెబితే గానీ మాకు తెలియలేదు: నీళ్లు ఒక ట్యాంకు తర్వాత ఇంకో ట్యాంకులోంచి పోయేలా పెట్టి, మధ్యలో నీళ్లు పట్టి టెస్ట్ చేయించాలట. అక్కడ రసాయనాల ఆనవాలు కనిపించినప్పుడు ముందు ట్యాంకులోది మాత్రమే తీసేసి, రెండోదాన్ని ముందుకు తెచ్చి, కొత్త బొగ్గు వెనక పెట్టుకోవాలి. క్యాలెండర్ చూసి కాదు, నీళ్లు చూసి మార్చాలి. బొగ్గు తక్కువ పడుతుంది, ఖర్చూ తగ్గుతుంది, చెత్తా తగ్గుతుంది.

వాడిన బొగ్గును 800 డిగ్రీలకు పైగా వేడిచేసే కొలిమిలో మళ్లీ పనికొచ్చేలా చేయొచ్చు, కొంత తరుగు పోయినా మిగతాది తిరిగి వాడుకోవచ్చు, కొత్తది తయారుచేయడం కంటే పొగా కాలుష్యమూ చాలా తక్కువ. అయితే వచ్చే ఆవిర్లను పూర్తిగా కాల్చేసే ఏర్పాటు ఆ కొలిమికి ఉండి తీరాలి. ఒక్క అపార్ట్‌మెంట్‌లో వచ్చే నాలుగు బస్తాల కోసం ఎవరూ కొలిమి వెలిగించరు. అందుకే పొల్యూషన్ కంట్రోల్ బోర్డు, కార్పొరేషన్ కలిసి కాలనీల నుంచి పాత కార్బన్ సేకరించాలని కోరుతున్నాను. ఆ ఖర్చులో ఫ్యాక్టరీల వాటా కూడా ఉండాలి. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగునీళ్లు వచ్చే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లోనే చెప్పారు కదా, మా ఇళ్లలోంచి పోయింది కాదది.

ప్లాటులో పోసిన బొగ్గును మేమే ఎత్తి, మూతున్న డ్రమ్ముల్లో పెట్టాం. వాటిని ఎవరికి అప్పగించాలో సంబంధిత అధికారులు మీ పత్రిక ద్వారానైనా చెప్పాలి.

ఒక పాఠకుడు,
బాచుపల్లి, హైదరాబాద్