ఆడిషన్‌కు డబ్బు కట్టకండి

సంపాదకుల వారికి,

‘కొత్త నటీనటులు కావలెను’ అన్న ప్రకటన చూసి ఫోన్ చేస్తారు. అవతలివాళ్లు పాత్ర సంగతి చెప్పకముందే రిజిస్ట్రేషన్ ఫీజు మాట ఎత్తితే అక్కడితో ఫోన్ పెట్టేయాలి. పాత్ర ఇచ్చేవాళ్లు మనకు పారితోషికం ఇస్తారు, మన దగ్గర తీసుకోరు. ఈ వసూలుకు పేర్లు మాత్రం మారుతుంటాయి. కో-ఆర్డినేషన్ ఖర్చు అంటారు, యూనియన్ సభ్యత్వ కార్డు ఇప్పిస్తామంటారు, మా ఫొటోగ్రాఫర్ దగ్గరే ఫొటోలు తీయించుకోవాలంటారు. నిర్మాణ సంస్థ పేరు, దర్శకుడి పేరు అడగండి. వాళ్లిచ్చిన నంబరుకు కాకుండా, ఆ సంస్థ ఆఫీసు నంబరు మీరే వెతికి, ఆ సినిమా నిజంగా ఉందా, ఫలానా మనిషి వాళ్ల తరఫువాడేనా అని కనుక్కోండి. ఇప్పటికే డబ్బు పంపి మోసపోయినవాళ్లు సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేస్తే, సొమ్ము వాళ్ల ఖాతా నుంచి చేతులు మారకముందే ఆపించే వీలుంటుంది. చీకటి పడ్డాక హోటల్ గదిలో ఆడిషన్ అంటే అమ్మాయిలే కాదు, అబ్బాయిలూ వెళ్లకూడదు.

మన విశాఖ ప్రాంతం పిల్లలు చేసే రెండో పొరపాటు, ముందు బ్యాగు సర్దుకుని హైదరాబాద్‌లో సినిమావాళ్లుండే కృష్ణానగర్ చేరడం. చేతిలో ఉన్నది గది అద్దెకే అయిపోతుంది. ఇప్పుడు తొలి వడపోత ఎక్కువగా సెల్ఫ్ టేపుల మీదే, అంటే మన నటనను మనమే ఫోనులో తీసి పంపే వీడియోల మీదే నడుస్తోంది. టేపు మధురవాడలోనో గాజువాకలోనో ఇంటి నుంచే పంపొచ్చు. రమ్మని కబురొస్తే సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగొచ్చు. అందాకా ఉద్యోగం వదలక్కర్లేదు. ‘శంకరాభరణం’ నటుడు జె.వి. సోమయాజులు గారు రెవెన్యూ శాఖలో కొలువు చేస్తూనే ఏళ్ల తరబడి నాటకాలాడారు.

అయితే ఆ టేపు దగ్గరే మనవాళ్లు దెబ్బతింటున్నారు. నటన బాగోక కాదు, ముఖం కనపడక, మాట వినపడక. ఫోను అడ్డంగా, కళ్ల ఎత్తులో, స్టాండు మీద పెట్టి వెనక కెమెరాతో తీయాలి. వెనక ఖాళీ గోడ చాలు. గోడకు రెండు మూడు అడుగులు ఎడంగా నిలబడితే నీడ పడదు. కిటికీ మీకు ఎదురుగా ఉండాలి, వెనకుంటే ముఖం నల్లబడుతుంది. ఫ్రేము ఛాతీ నుంచి తల పైదాకా. ఫ్యాను ఆపాలి. విశాఖ ఉక్కపోతలో అది కష్టమే, కానీ ఫ్యాను హోరు నిండిన టేపు ఎవరూ చివరిదాకా వినరు. టేకు టేకుకూ చెమట తుడుచుకుని తీయండి. అందంగా ఉంటుందని ఆర్కే బీచ్‌లో తీస్తే గాలికి మైకులో బరబర తప్ప డైలాగు రాదు. ఎదుటి పాత్ర మాటలు చదివే మనిషిని లెన్సు పక్కనే నిలబెట్టి, గొంతు తగ్గించి చదవమనండి. మీ చూపు ఆ మనిషి మీద ఉండాలి. మొదట్లో మాత్రం లెన్సులోకి చూస్తూ పేరు, వయసు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు చెప్పి, రెండు పక్కలకూ తిరిగి చూపించాలి. సీను ఒక నిమిషం, మహా అయితే రెండు. ఫిల్టర్లు, నేపథ్య సంగీతం వద్దు. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే నాణ్యత పడిపోదు. గూగుల్ డ్రైవ్ లింకు అయితే ఎవరైనా తెరవగలిగేలా అనుమతి పెట్టి, ముందు ఇంకొకరి ఫోనులో తెరిచి చూడండి. కుప్పలుగా టేపులు చూసే అసిస్టెంట్ డైరెక్టరు మీ అనుమతి కోసం కాచుకుని కూర్చోడు.

ఫొటోలు నాలుగు చాలు: క్లోజప్, నడుము దాకా, నిలువెత్తు, పక్క నుంచి. గడ్డం తీసేస్తే ఫొటోలూ మార్చాలి.

ఇక సాధన. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది, నాటకం వేయడానికి కళాభారతి, గురజాడ కళాక్షేత్రం ఉన్నాయి. రంగస్థలం ఇచ్చే పట్టు మరెక్కడా దొరకదు. కానీ ఆఖరి వరుసకు వినిపించే గొంతు, చొక్కాకు తగిలించిన మైకులో అరుపవుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు కంటిన్యుటీ, అంటే ప్రతి షాట్‌లోనూ ఒకే పని ఒకేలా చేయడం. టీ గ్లాసు పట్టుకుని మాట్లాడే సీను అనుకోండి. ‘నాకు తెలుసు’ అన్న మాట మీద కుడిచేత్తో గ్లాసు ఎత్తారు, ‘ఎప్పుడో తెలుసు’ అన్నాక కింద పెట్టారు. అదే సీనును ముందు దూరం నుంచి వైడ్ షాట్‌లో, తర్వాత ఎదుటివాళ్ల భుజం మీదుగా, ఆఖర్న క్లోజప్‌లో తీస్తారు. ప్రతిసారీ అదే చెయ్యి, అదే మాట. ఒకసారి ముందు ఎత్తి, ఇంకోసారి తర్వాత ఎత్తితే ఎడిటింగ్‌లో షాట్లు అతకవు. ఎంత బాగా చేసినా ఎగిరిపోయేది మీ క్లోజప్పే. అందుకే రిహార్సల్లోనే గుర్తుండేటన్ని పనులే చేతులకు పెట్టుకోవాలి. ఇంట్లో ఫోను మూడు చోట్ల పెట్టి తీసుకుని, ఆ మూడూ పక్కపక్కన చూసుకుంటే తేడా తెలిసిపోతుంది.

మన యాసను దాచుకోవద్దు. ‘ఏటి చేస్తన్నావు’ అని సహజంగా పలికే గొంతు అరువు తెచ్చుకుంటే రాదు. దానితోపాటు మామూలు వ్యవహార భాషా తడబడకుండా రావాలి, లేకుంటే ఒకే రకం పాత్రలకు పరిమితమవుతారు.

భీమిలి, అరకు వైపు షూటింగ్‌లకు స్థానికులను తీసుకున్నప్పుడు మనవాళ్లు మొహమాటంతో డబ్బు మాట అడగరు. ఎన్ని రోజులు, రోజుకెంత, బేటా (రోజువారీ బత్తెం), ప్రయాణం, బస, డబ్బింగ్ అందులో భాగమా కాదా, సొమ్ము ఎప్పుడిస్తారు... ఇవన్నీ ఒప్పుకునే ముందే మేనేజరుతో వాట్సాప్‌లో రాయించుకోండి. బాకీ ఉంటే డబ్బింగ్‌కు ముందే తేల్చుకోవాలి. ఆ తర్వాత మీతో వాళ్లకు పని ఉండదు. పారితోషికంలో 10 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయ పన్ను) పట్టుకుంటే అది పోయినట్టు కాదు. పాన్ ఇచ్చి, రిటర్ను వేస్తే, పన్ను కట్టేంత ఆదాయం లేనివాళ్లకు తిరిగొస్తుంది.

పిల్లల్ని నటింపజేసే తల్లిదండ్రులకు మరీ మరీ చెప్పాలి. 2017లో సవరించిన బాలకార్మిక నిబంధనల ప్రకారం పిల్లల చేత రోజుకు 5 గంటలు మించి, విరామం లేకుండా 3 గంటలు మించి పని చేయించకూడదు. నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. ఆదాయంలో కనీసం 20 శాతం జాతీయీకృత బ్యాంకులో బిడ్డ పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. అది పిల్లల సొమ్ము, అడిగి వేయించండి.

మీ పత్రికకు ఒక విన్నపం. ‘నటీనటులు కావలెను’ అన్న వర్గీకృత ప్రకటనను, నిర్మాణ సంస్థ పేరు, చిరునామా, ఏ రుసుమూ తీసుకోబోమన్న మాట రాతపూర్వకంగా ఇస్తేనే వేయండి. నగరంలోని నాటక సమాజాలు నెలకో సాయంత్రం కెమెరా ముందు సాధనకు కేటాయించాలని కూడా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నటశిక్షకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం