చొక్కా జేబులో మాత్రలు

అమ్మలూ,

నిన్న ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ "ఒక్క నిమిషం నాన్నా" అని వెళ్ళిపోయావు. కుళాయి చప్పుడు వినబడింది. తిరిగొచ్చి ఏం లేదన్నావు గానీ, కాసేపటికి అసలు సంగతి చెప్పావు. డిప్రెషన్‌కి డాక్టర్ రాసిన మాత్ర మొదలుపెట్టి పది రోజులైందనీ, పొద్దున్న లేస్తే చాలు డోకు వస్తోందనీ, రెండు రోజులుగా మాత్ర మానేశాననీ. ఇంకెవరికీ చెప్పలేదన్నావు. డాక్టర్‌కి కూడా.

అప్పుడు నేనేమీ అనలేకపోయాను. నీ మీద కోపం వచ్చి కాదు. నేనూ సరిగ్గా ఇదే పని చేశాను కాబట్టి.

షుగర్ వచ్చిన కొత్తలో నాకు మెట్‌ఫార్మిన్ ఇచ్చారు. వేసుకున్న గంటకల్లా కడుపులో దేవడం మొదలయ్యేది. అన్నం వాసన తగిలితేనే లేచి బయటికి వెళ్ళిపోవాలనిపించేది. పెద్ద జబ్బేమీ కాదు, వికారమే కదా, దీనికి కూడా డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలా అనుకున్నాను. మీ అమ్మ చూస్తుండగా మాత్ర చేతిలోకి తీసుకుని, నీళ్ళు మాత్రం తాగి, మాత్రని చొక్కా జేబులో వేసేసేవాణ్ణి. మూడు నెలలకి రిపోర్టులో షుగర్ పెరిగింది. డాక్టర్ ఏమనుకుంటాడు? మందు సరిపోవడం లేదనుకుని డోసు రెట్టింపు చేశాడు. నేను ఎదురుగా కూర్చుని తలూపాను.

ఒకరోజు మీ అమ్మ ఉతికిన చొక్కా ఆరేస్తుంటే జేబు అడుగున తెల్లటి ముద్ద కనబడింది. కుట్టు వెంబడి సున్నంలా అంటుకుపోయి ఉంది. ఆ జేబు తిరగేసి నా ముందు పట్టుకుని నిలబడింది. తిట్టలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తే.

డాక్టర్‌కి నిజం చెప్పాక పని పది నిమిషాల్లో అయిపోయింది. అదే మందులో నెమ్మదిగా కరిగే రకం ఇచ్చాడు. తక్కువ డోసుతో మొదలుపెట్టి, భోజనంతో పాటు వేసుకోమని, వారాలు గడిచే కొద్దీ మెల్లగా పెంచాడు. వికారం సర్దుకుంది. నోరు విప్పి ఉంటే మూడు నెలలూ ఆ అవస్థే ఉండేది కాదు.

నీ మాత్ర సంగతి వేరు, తెలుసు. కానీ మనసుకి వేసుకునే మాత్ర కడుపుని ఎందుకు తిప్పుతుందో తెలిస్తే నీకు సగం భయం పోతుంది. నీకు ఇచ్చిన రకం మందు సెరటోనిన్ అని ఒంట్లో నరాల మధ్య సంకేతాలు మోసే రసాయనం మీద పని చేస్తుంది. ఆ సెరటోనిన్ మెదడులోనే ఉంటుందనుకుంటాం గానీ, ఒంట్లో ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. మాత్ర మొదలుపెట్టగానే అక్కడా కదలిక వస్తుంది. పేగుల దగ్గర్నుంచి మెదడుకి వెళ్ళే నరం ఆ కబురు మోసుకెళ్తుంది, వికారం పుడుతుంది. చాలామందికి ఒకటి రెండు వారాల్లో ఒళ్ళు దీనికి అలవాటు పడుతుంది. మనసు తేలికపడటానికి మాత్రం కొన్ని వారాలు పడుతుంది. అంటే బాధ ముందొస్తుంది, మేలు వెనకాల వస్తుంది. మానేసేవాళ్ళు చాలామంది ఈ మధ్యలోనే మానేస్తారు. నువ్వు ఇప్పుడు సరిగ్గా అక్కడే ఉన్నావమ్మా.

ఇవాళే డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. రెండు రోజులు మానేశానని మొహమాటం లేకుండా చెప్పు. మళ్ళీ ఏ డోసుతో మొదలుపెట్టాలో ఆయన్నే అడుగు. మానేసిన రోజులవి కలిపి ఒకేసారి వేసుకోవద్దు. పరగడుపున కాకుండా తిన్నాక వేసుకోవచ్చా, పొద్దున బదులు రాత్రి వేసుకోవచ్చా, కొన్నాళ్ళు డోసు తగ్గిస్తారా, అప్పటికీ తగ్గకపోతే వేరే మందు ఉందా అని కూడా అడుగు. ఇవి రోజూ వాళ్ళు వినే ప్రశ్నలే. మాత్ర వేసుకున్న కాసేపటికే వాంతయితే మళ్ళీ ఇంకోటి వేసుకోవాలో వద్దో కూడా ముందే కనుక్కుని పెట్టుకో. అప్పటికప్పుడు టెన్షన్‌లో నీకు నువ్వే తేల్చుకోవద్దు.

తిండి సంగతి. కడుపు ఖాళీగా ఉంటే వికారం ఎక్కువవుతుంది, నిండా తిన్నా ఎక్కువవుతుంది. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తిను. లేవగానే తినడానికి పొడిగా ఉండే బిస్కెట్లో, టోస్టో మంచం పక్కన పెట్టుకో. నూనె, మసాలా కొన్నాళ్ళు పక్కన పెట్టు. వేడి వేడిగా తినడం కంటే చల్లారాక తింటే నయం, వాసన తక్కువగా వస్తుంది. నాకు ఈ ఒక్క చిట్కా ఎంత పని చేసిందో చెప్పలేను. నీళ్ళు గటగటా తాగకుండా గుక్క గుక్కగా తాగు. తిన్న వెంటనే పడుకోకు. అల్లం కొందరికి బాగా పని చేస్తుంది, చూడు.

ఒక్క పని మాత్రం చెయ్యకు. నీ అంతట నువ్వు మెడికల్ షాపులో వాంతుల మాత్ర కొనుక్కోవద్దు. ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటివి గుండె లయని మార్చగలవు. నువ్వు వేసుకునే తరహా మందుల్లోనూ కొన్నిటికి ఆ గుణం ఉంది. రెండూ కలపొచ్చో లేదో డాక్టరే చెప్పాలి.

నీళ్ళు కూడా నిలవకుండా వాంతులవుతుంటే, వాంతిలో రక్తం కనబడితే, జ్వరంతో ఒళ్ళు వణికి మాట తికమకపడుతుంటే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళు. ఇంకొకటి, ఇది రాయడానికి నాకు చెయ్యి ఆడటం లేదు, అయినా రాస్తున్నాను. మీ వయసువాళ్ళలో కొందరికి ఈ మందు మొదలుపెట్టిన మొదటి వారాల్లో మనసు ఇంకా కిందికి జారుతుంది. బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి తొంగి చూసినా సరే, ఒంటరిగా ఉండకు. రాత్రి రెండైనా నాకు ఫోన్ చెయ్యి, డాక్టర్‌కి చెప్పు, దగ్గరున్న స్నేహితురాలిని లేపు. నాన్న నిద్ర పాడవుతుందని చూడకు.

ఒక చిన్న పుస్తకం పెట్టుకో. మాత్ర ఎన్నింటికి వేసుకున్నావు, ఏం తిన్నావు, వికారం ఎప్పుడు మొదలై ఎంతసేపు ఉంది, అంతే రాయి. నోటితో "కొంచెం తిప్పుతోంది" అంటే డాక్టర్‌కి ఏమీ అర్థం కాదు. ఆ కాగితం చూపిస్తే అర్థమవుతుంది. డాక్టర్ ఒప్పుకుంటే మాత్ర వేసుకునే వేళకి నేను ఫోన్ చేస్తాను. మాట్లాడాలని లేకపోతే ఊరికే పట్టుకుని కూర్చో చాలు, నేనూ ఇటు కూర్చుంటాను.

మీ అమ్మకి ఇంకా చెప్పలేదు. చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. డాక్టర్‌తో మాట్లాడగానే ఏమన్నారో నాకు చెప్పు.

ప్రేమతో,
నాన్న