అసైలం వీధి నుంచి అక్కకి

హార్ట్‌ఫర్డ్, కనెక్టికట్
ఆదివారం రాత్రి

అక్కా,

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. ఫోన్లో జవాబు చెబుదామంటే మధ్యలో బావగారు అందుకుంటారు, ఆ తర్వాత అమ్మ, ఆఖరికి నేను చెప్పాలనుకున్నది గంగలో కలుస్తుంది. అందుకే కాగితం తీశాను. ఇవాళే ఫోటో తీసి పంపుతాను. అసలుది పోస్టులో ఎప్పుడొస్తే అప్పుడు. చంటికి కూడా చూపించు. ఫోన్లో నేనెంత మాట్లాడినా వినబడని వాడికి ఒరిగేదేముంది?

మీ బడి హాస్టల్ పైకప్పు రేకులు మార్చడానికి పిల్లల చేత ప్రోగ్రాం వేయించి టికెట్లు అమ్ముదామని నువ్వు. చెవిటి పిల్లల్ని స్టేజీ ఎక్కించి డబ్బులు అడగడమంటే ముష్టెత్తడమేనని బావగారు. మధ్యలో నన్ను తీర్పు చెప్పమన్నావు. బావగారి మీద తీర్పు చెప్పే ధైర్యం నాకెక్కడిదే! కానీ ఈ ఊళ్ళో ఉంటూ ఆ మాట వింటే ఊరుకోబుద్ధి కాలేదు.

నేను రోజూ బస్సు దిగే వీధి పేరు అసైలం. వచ్చిన కొత్తలో ఇక్కడేదో పిచ్చాసుపత్రి ఉండేదేమో అనుకున్నాను. కాదట. అమెరికాలో చెవిటివాళ్ళ కోసం పెట్టిన మొదటి శాశ్వత బడికి అప్పట్లో 'అసైలం' అని పేరు, అంటే ఆశ్రయం అన్నమాట. ఆ పేరే వీధికీ, గుట్టకీ అంటుకుపోయింది. బడి ఉన్న స్థలంలో ఇప్పుడొక బీమా కంపెనీ హెడ్డాఫీసు. బడి మాత్రం వెస్ట్ హార్ట్‌ఫర్డ్‌లో ఇంకా నడుస్తోంది. మా బస్టాపుకి కాస్త అవతల, రోడ్లు కలిసే చోట ఒక విగ్రహం ఉంది: పెద్ద పెద్ద అరచేతుల్లో నిలబడ్డ చిన్నపిల్ల. పేరు ఆలిస్ కాగ్స్‌వెల్. రెండేళ్ళప్పుడు జ్వరమొచ్చి వినికిడి పోయింది. తండ్రి ఈ ఊళ్ళో పెద్ద డాక్టరు. ఆ పిల్లకి చదువెలా చెప్పాలో తెలుసుకు రమ్మని పక్కింటి కుర్రాడు థామస్ గాలడెట్‌ని 1815లో ఇంగ్లండుకి పంపించారు.

అక్కడ చెవిటి పిల్లల బళ్ళు నడిపే కుటుంబం తమ విద్య చెప్పడానికి సవాలక్ష షరతులు పెట్టింది. ఆ సమయంలోనే పారిస్‌లోని చెవిటి పిల్లల బడి పెద్ద సికార్ లండన్లో ఉన్నాడు. నెపోలియన్ తిరిగొచ్చి ఫ్రాన్సు గద్దెక్కాడు కదా, ఈయనేమో రాజుగారి మనిషి, అందుకే తప్పుకొచ్చాడు. వెంట చెవిటి పంతుళ్ళిద్దరు, మాస్యూ, క్లెర్క్. వాళ్ళని వేదిక మీద నిలబెట్టి సభలు చేసేవాడు. జనంలోంచి ఎవరైనా ప్రశ్న అడగడం, వీళ్ళు అక్కడికక్కడే జవాబు రాయడం. మన అవధానం లాంటిదే అనుకో, కాకపోతే నోరు మెదపని అవధానం. కృతజ్ఞత అంటే ఏమిటని అడిగితే "హృదయానికుండే జ్ఞాపకం" అని రాశాడు మాస్యూ. అనంతకాలం అంటే? "నిన్నా రేపూ లేని రోజు." చెవిటివాళ్ళు దుఃఖపడతారా అన్న ప్రశ్నకి క్లెర్క్ చెప్పిన సమాధానం నాకు ఇంకా నచ్చింది: ఎన్నడూ లేనిదాన్ని పోగొట్టుకున్నట్టు కాదు, పోగొట్టుకోనిదాని కోసం ఏడవడం ఎందుకు అని.

ఈ క్లెర్క్‌నే గాలడెట్ అమెరికా తీసుకొచ్చాడు. పసివాడిగా ఉన్నప్పుడు వంటింటి నిప్పుల్లో పడ్డాడట, చెంప మీద మచ్చ. సైగల్లో అతని పేరు చెప్పాలంటే వేళ్ళతో చెంప మీద రాసి చూపిస్తారు. తల్లి వెళ్ళొద్దన్నా వినలేదు. ఓడలో 52 రోజులు. ఇతను గాలడెట్‌కి సైగలు నేర్పాడు, గాలడెట్ ఇతనికి ఇంగ్లీషు నేర్పాడు. 1816 ఆగస్టులో దిగారు. ఒప్పందం మూడేళ్ళకే. (మూడేళ్ళని చెప్పి బయల్దేరినవాడి సంగతి నన్నడుగు. మధ్యలో సొంతూరు చూసొచ్చినా, 1869లో ఈ ఊళ్ళోనే పోయాడు. ఇది అమ్మకి చదివి వినిపించకు.)

ఇప్పుడు అసలు విషయం. బడి పెట్టాలంటే డబ్బు కావాలి. ఆ చలికాలమంతా ఇద్దరూ బోస్టన్, ఆల్బనీ, ఫిలడెల్ఫియా ఊళ్ళన్నీ తిరిగారు. క్లెర్క్ ఇంగ్లీషులో రాసుకొచ్చిన ఉపన్యాసాన్ని గాలడెట్ పైకి చదివేవాడు. తర్వాత జనం ప్రశ్నలు. నెలల కిందట ఓడలో నేర్చుకున్న భాషలో క్లెర్క్ జవాబులు. చందాలు సుమారు 12,000 డాలర్లు వచ్చాయి, కనెక్టికట్ శాసనసభ ఇంకో 5,000 ఇచ్చింది. 1817 ఏప్రిల్ 15న ఒక హోటల్లో అద్దె గదుల్లో బడి తెరిచారు. పిల్లలు ఏడుగురు, వాళ్ళలో ఆలిస్ ఒకతె.

చదువుతూ చదువుతూ నాకు చంటిగాడు గుర్తొచ్చాడు. శ్రీరామనవమి పందిట్లో వచ్చిన చుట్టాలకి చూపించడానికి వాడి వెనక పళ్ళెం మోగించేవాళ్ళు. వాడు తిరక్కపోతే అందరూ "నిజమే సుమా" అనేవాళ్ళు. నేనూ ఒకసారి మోగించాను. వాడు తిరగలేదు గానీ, ఎదురుగా నువ్వు నా వంక చూసిన చూపు వాడు చూశాడు. ఆ తర్వాత రెండు రోజులు నాతో ఆడలేదు. క్లెర్క్ సభల్లో పళ్ళెం మోగించి ఉండరు, కానీ మాట రానివాడికి ఆలోచన ఉంటుందా అన్నది తేల్చుకోవడానికే ఆ జనం వచ్చింది. పరీక్ష రాసేది ఒకడు, దాన్ని పైకి చదివేది ఇంకొకడు. బావగారి కోపం ఊరికే వచ్చింది కాదనిపించింది.

అసలు ముష్టి సంగతీ ఉంది. ఆల్బర్ట్ న్యూసమ్ అని ఒహాయోలో ఒక చెవిటి పిల్లవాడు, బొమ్మలు బ్రహ్మాండంగా గీసేవాడు. పదేళ్ళప్పుడు ఒక మోసగాడు చెవిటివాడిలా నటించి వాణ్ణి వెంటేసుకుపోయాడు. ఊరూరా ఆ బొమ్మలు చూపించడం, పాపం పుణ్యం అని డబ్బు దండుకోవడం. 1820లో ఫిలడెల్ఫియా చేరారు. పిల్లవాడు అక్కడ కావలివాడి గూడు మీద సుద్దముక్కతో బొమ్మ గీస్తుంటే విలియం వైట్ అనే బిషప్ చూసి, అప్పుడే తెరిచిన చెవిటి పిల్లల బళ్ళో చేర్పించాడు. మోసగాడు మాయమయ్యాడు. వీడు పెద్దయి, రాతి పలక మీద బొమ్మ గీసి అచ్చు వేసే చిత్రకారుడిగా పేరు తెచ్చుకున్నాడు.

ఆ న్యూసమ్ మళ్ళీ ఎక్కడ తగిలాడో చెబుతాను విను. 1850 సెప్టెంబరులో సుమారు నాలుగు వందల మంది చెవిటివాళ్ళు హార్ట్‌ఫర్డ్‌లో పోగయ్యారు. వాళ్ళలో చాలామంది పాత విద్యార్థులు. థామస్ బ్రౌన్ అనే ఆయన మొదలుపెట్టి అందరి దగ్గరా పోగుచేసిన డబ్బుతో గాలడెట్‌కీ క్లెర్క్‌కీ వెండి కూజాలు, పళ్ళేలు ఇచ్చారు. మరుసటేడు గాలడెట్ పోయాడు. 1854లో బడి ముందర స్మారకస్తంభం నిలబెట్టారు, ఖర్చు సుమారు 2,500 డాలర్లు. చెవులు వినబడేవాళ్ళ దగ్గర పైసా తీసుకోలేదట. స్తంభం నమూనా గీసింది న్యూసమ్. దాని మీద పలక చెక్కించింది జాన్ కార్లిన్, ఆయనా చెవిటి చిత్రకారుడే, ఆవిష్కరణ రోజు ప్రసంగమూ ఆయనదే, సైగల్లో.

ఇది తెలిశాక బావగారితో వాదించడానికి నాకు కాస్త దారి దొరికింది. తర్వాత తర్వాత ఈ దేశంలో చెవిటివాళ్ళ సంఘాలు వేషాలు, మూకాభినయాలు, డ్యాన్సు పార్టీలు పెట్టి, టికెట్లు అమ్మి, వయసుడిగిన చెవిటివాళ్ళ ఆశ్రమాలకి డబ్బు కూడబెట్టేవి. చూడ్డానికి వచ్చేదీ ఎక్కువగా వాళ్ళే. సైగలతో పాటలు కూడా ఉండేవి: ఒకటి, రెండు, ఒకటి రెండు మూడు అని డప్పు కొడితే ఆ దరువు ఒంటికి తగులుతుంది, చేతులు దానికి తగ్గట్టు ఆడతాయి. మన కోలాటం వేసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. బళ్ళల్లో సైగలు మాన్పించి పిల్లల చేత నోటితోనే మాట్లాడించాలని పంతుళ్ళు పట్టుబట్టిన కాలంలో, తమ సైగలు పోకముందే సినిమా తీసి దాచుకుందామని చెవిటివాళ్ళ నాయకుడు జార్జ్ వెడిట్జ్, ఆయన తోటివాళ్ళు 5,000 డాలర్లు వసూలు చేశారు. 1913లో ఆయన సైగల్లో చేసిన ప్రసంగం ఇప్పటికీ చూడొచ్చు. చంటికి లింకు పంపుతాను. సైగలు వేరైనా ఆ పెద్దాయన ఆవేశం వాడికి అందకపోదు.

కాబట్టి వెయ్యండి అంటాను. ఒక్కటే, పళ్ళెం మాత్రం పిల్లల చేతికే ఇవ్వు. టికెట్ల బల్ల దగ్గర పదో తరగతి పిల్లలు కూర్చోవాలి, డబ్బు లెక్కపెట్టి బోర్డు మీద రాసేదీ వాళ్ళే. కిందటేడు మైకు పట్టుకుని ప్రతి మాటకీ ముందు 'పాపం' తగిలించిన పెద్దమనిషిని ఈసారి ముందు వరసలో కూర్చోబెట్టి కాఫీ ఇవ్వు, మైకు ఇవ్వకు. ఇంకో సరదా: ప్రశ్నలు అడగడం పిల్లలకే వదిలెయ్. వాళ్ళు స్టేజీ మీద నుంచి సైగ చేస్తారు, జనం చేతులతోనే జవాబు చెప్పాలి, నోరు విప్పితే జరిమానా పది రూపాయలు. ఆ జరిమానాలతోనే రెండు రేకులు వచ్చేస్తాయి చూడు. మొదటి జరిమానా మన మావయ్యదే, రాసిపెట్టుకో.

చంటి టైలరింగ్ మానేసి వస్తాడో రాడో గానీ, ఒక వేషం వెయ్యమని అడుగు. చిన్నప్పుడు వాడు మన కరణంగారి నడక చేసి చూపిస్తే నాన్న భోజనం ముందు నుంచి లేచిపోయి నవ్వారు, గుర్తుందా?

నా పేరు చందాల పుస్తకంలో రాయొద్దు. పది టికెట్లు నా లెక్కలో చింపు, డబ్బు రేపే వేస్తాను. అమ్మకి రెండు, బావగారికి ఒకటి, మిగతావి మన వీధి వాళ్ళకి. బావగారిది మాత్రం స్టేజీకి దగ్గరగా ఉండాలి.

నీ తమ్ముడు