రాజుల సంగతి చెప్పడానికి ఒక మనిషిని పెట్టండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ కెరీర్ పేజీలో టీవీ, రేడియో ఉద్యోగాల మీద పెద్ద వ్యాసం వేశారు. క్రైమ్ రిపోర్టర్, సినిమా రిపోర్టర్, స్పోర్ట్స్, బిజినెస్, ఆఖరికి వంటల షో యాంకర్ దాకా అన్నీ ఉన్నాయి. రాజవంశాలు, కోటలు, పాత కట్టడాల సంగతులు చెప్పడమే వృత్తిగా పెట్టుకునే బ్రాడ్‌కాస్టర్ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. గోల్కొండ, చార్మినార్, చౌమహల్లా ఉన్న ఊళ్లో అచ్చయ్యే పత్రిక మీది. అందుకే ఇది రాస్తున్నాను. ఉత్తరం పొడుగైతే కత్తిరించుకోండి గానీ తారీఖులు తప్పు పడకుండా చూడండి.

నేను లైసెన్సు టూరిస్ట్ గైడ్‌గా బతికినవాణ్ణి. గోల్కొండ మెట్లకు మోకాళ్లు ఒప్పుకోకపోవడంతో మానేశాను. ఫోన్ నంబర్ మాత్రం టీవీ వాళ్ల దగ్గర అలాగే ఉండిపోయింది. రాజులకు సంబంధించి ఏదైనా జరిగితే మోగుతుంది, లేకపోతే లేదు.

2023 జనవరిలో నిజాం వారసుడు ముకర్రం జా పోయినప్పుడు మోగింది. ఆయన జనవరి 14న ఇస్తాంబుల్‌లో పోతే 17న హైదరాబాద్ తీసుకొచ్చారు. చౌమహల్లాలో జనం చూడటానికి ఉంచి, 18న మక్కా మసీదులో ఖననం చేశారు. చౌమహల్లా ముందు ఖిల్వత్ రోడ్డంతా టీవీల లైవ్ వ్యాన్లే. నా పక్కనే ఒక కుర్రవాడు మైకు పట్టుకుని 'ఏడో నిజాం కుమారుడు' అని లైవ్ చెబుతున్నాడు. కుమారుడు కాదు, మనవడు. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ తన పెద్ద కొడుకు ఆజం జాను పక్కన పెట్టి మనవణ్ణి వారసుడిగా ప్రకటించారు. 1967 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశాక, ఏప్రిల్ 6న ఇదే చౌమహల్లాలో ముకర్రం జాకు పట్టాభిషేకం జరిగింది. నాలుగేళ్లు తిరగ్గానే 26వ రాజ్యాంగ సవరణతో బిరుదులు, రాజభరణాలు రద్దయ్యాయి. అంటే ఆ రోజు ఆ హాల్లో పడుకోబెట్టిన మనిషి రాజ్యం లేకుండా రాజైనవాడు, ఆ పేరు కూడా చట్టం తీసేసుకున్నవాడు. ఇంత కథ అక్కడుంటే, మైకు నా దగ్గరికి తెచ్చి అడిగిన ప్రశ్న, "అంకుల్, మొత్తం ఆస్తి ఎన్ని వేల కోట్లుంటుంది?"

మక్కా మసీదులో నిజాముల సమాధుల వరస ఉంది కదా, ఏడో నిజాం సమాధి అక్కడెందుకు లేదని ఎవరూ అడగలేదు. ఆయన కింగ్ కోఠి ఎదురుగా ఉన్న జూదీ మసీదులో ఉన్నారు, తల్లి సమాధికి దగ్గరగా. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని 1937లో టైమ్ పత్రిక అట్ట మీద బొమ్మ వేసిన మనిషి, తాతముత్తాతల పాలరాతి వరస వదిలేసి అమ్మ దగ్గరికి వెళ్లిపోయాడు. ఈ ఒక్క మాట చెబితే ఇంట్లో కూర్చుని టీవీ చూసే ఆడవాళ్లు కూడా వంటపని ఆపి వింటారు. నేను బస్సుల్లో చెప్పి చూశాను, విన్నారు.

ఆ కుర్రవాణ్ణి తప్పు పట్టడం లేదు. నిన్న యాక్సిడెంట్, రేపు పార్టీ ఆఫీసు, మధ్యలో నిజాం. చదువుకునే టైము వాడికి ఎవరిచ్చారు?

ఇంగ్లండులో ఆ టైము ఇచ్చారు. రిచర్డ్ డింబుల్‌బీ పేరు మీ పాఠకుల్లో పెద్దవాళ్లకు తెలిసే ఉంటుంది. 1936లో బీబీసీలో చేరాడు. 1939లో ఆరో జార్జి రాజు, రాణి కెనడా పర్యటనకు వెళితే వెంట వెళ్లి వార్తలు పంపాడు. 1952లో అదే రాజు భౌతికకాయాన్ని వెస్ట్‌మినిస్టర్ హాల్లో ఉంచినప్పుడు వ్యాఖ్యానం ఆయనదే. 1953 జూన్ 2న ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం రోజు వెస్ట్‌మినిస్టర్ అబ్బే చర్చి లోపల పైఅంతస్తులో ఒక మూల కూర్చుని, బ్రిటన్‌లోనే 2 కోట్లకు పైగా జనం టీవీల్లో చూస్తున్న తంతును చెప్పుకుంటూ పోయాడు. ఏ ఉంగరం ఎందుకు తొడుగుతారు, ఏ ఖడ్గం ఎవరు పట్టుకుంటారు అన్నీ ముందే తెలుసుకుని కూర్చున్నాడు. రాణికి పవిత్ర తైలం అద్దే ఘట్టాన్ని కెమెరాలు చూపించలేదు. అలాంటి చోట ఎంతవరకు మాట్లాడాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో తెలియడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. మన చానళ్లలో ఒక్క క్షణం మాట ఆగితే ప్రోగ్రాం ప్రొడ్యూసర్‌కు టెన్షన్.

ఆయన జీవితంలో నాకు గొప్పగా అనిపించేది పట్టాభిషేకం కాదు. 1945 ఏప్రిల్‌లో బ్రిటిష్ సైన్యం వెంట బెల్సన్ నాజీ శిబిరంలోకి వెళ్లి, అక్కడి శవాల గుట్టల్ని, బతికున్న అస్థిపంజరాల్ని రేడియోలో లోకానికి చెప్పింది ఈ మనిషే. ఆ రిపోర్టు నమ్మశక్యంగా లేదని బీబీసీ మొదట ఊగిసలాడింది. 8 ఏళ్ల తర్వాత బంగారు రథం గురించి మాట్లాడింది అదే గొంతు. రెండూ చూసినవాడు కాబట్టే కిరీటం గురించి చెప్పినా జనం భజన అనుకోలేదేమో. 1965 జనవరిలో చర్చిల్ అంత్యక్రియలకు వ్యాఖ్యానం చెప్పి, అదే ఏడాది డిసెంబరులో కాన్సర్‌తో పోయాడు. దాచుకునే జబ్బుగా చూసే రోజుల్లో తనకు కాన్సర్ అని నలుగురికీ తెలియనిచ్చాడు.

ఈ కాలం మనిషిని చెప్పమంటే లూసీ వర్స్‌లీ. లండన్ టవర్, హాంప్టన్ కోర్ట్ లాంటి రాజభవనాలను చూసుకునే సంస్థలో 2003 నుంచి క్యూరేటర్‌గా పనిచేస్తూనే టీవీలో చరిత్ర కార్యక్రమాలు చేసింది. అంటే ముందు బీరువాలు తెరిచి బట్టలు, కాగితాలు చూసిన మనిషి, తర్వాత కెమెరా ముందుకొచ్చింది. మన దగ్గర ముందు మేకప్, తర్వాత వికీపీడియా.

ఇదంతా తెల్లవాళ్లకే చెల్లుతుంది, మనకు రాజుల పిచ్చి లేదు అంటారేమో. మనకు ఉషశ్రీ గారు ఉండేవారండీ. భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణానికి ఆకాశవాణిలో ఆయన ప్రత్యక్ష వ్యాఖ్యానం వింటుంటే, మా సూర్యాపేట తాలూకా పల్లెలో పంచాయతీ రేడియో చుట్టూ కూర్చున్న ముసలమ్మలు తలంబ్రాల ఘట్టం వచ్చేసరికి లేచి నిలబడి దండం పెట్టేవాళ్లు. కళ్యాణమండపం ఎవరూ చూడలేదు, ఆయన చూపించారు. అదీ రాజు పెళ్లే కదా. గోల్కొండ తానీషా నాటి నుంచి వస్తోందని చెప్పుకునే ముత్యాల తలంబ్రాల ఆనవాయితీని ఇవాళ్టికీ ప్రభుత్వం నడుపుతోంది. పురాణం, ఆచారం, భాష మూడూ కడుపులో ఉన్నవాడు మైకు ముందు కూర్చుంటే ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ విద్యను గుడి దగ్గరే వదిలేశాం, కోట దాకా తీసుకెళ్లలేదు.

మా పక్కింటి అమ్మాయి మాస్ కమ్యూనికేషన్ చదువుతోంది. "పెదనాన్నా, రాజులు, హెరిటేజ్ ఇవే చెబుతానంటే ఎవరైనా ఉద్యోగం ఇస్తారా?" అని అడిగింది. ఉద్యోగం సంగతి తర్వాత, ముందు ఉర్దూ నేర్చుకోమన్నాను. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్న ఆసఫ్‌జాహీ, అంటే నిజాముల కాలపు కాగితాలు ఫార్సీలో, ఉర్దూలో ఉంటాయి. వాటి మీద ఏడాది ఫసలీలో, అంటే అప్పటి శిస్తుల లెక్కల క్యాలెండర్‌లో ఉంటుంది. దానికి 590 కలిపితేనే మన లెక్కకొస్తుంది. ఇది తెలియక, 13 వందల చిల్లర చూసి కాకతీయుల కాలం కాగితమని చెప్పేసిన మహానుభావులున్నారు. తర్వాత సున్నం గురించి తెలుసుకోమన్నాను. అమ్మాయి నవ్వింది. నవ్వే విషయం కాదు. 2019 మే 1న చార్మినార్ మినారు నుంచి గచ్చు పెచ్చు ఊడిపడితే, 'చార్మినార్ కూలుతోందా?' అని స్క్రోలింగ్‌లు. డంగు సున్నం ఎలా తయారవుతుందో, దాని మీద సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోలేక ఎలా ఉబ్బుతుందో రెండు నిమిషాల్లో చెప్పే మనిషి ఒక్క స్టూడియోలో లేడు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర మేస్త్రీలు 2013 నుంచి పాత పద్ధతిలో సున్నం పని చేశారు. వాళ్లలో ఒకరిని పిలిచినా సరిపోయేది.

అలాగే పాత సచివాలయంలో 1888 నాటి జీ బ్లాకును 2020 జూలైలో పడగొట్టారు. చానళ్లలో పార్టీల గొడవ వచ్చింది. ఆ మేడ ఎవరు కట్టారో, గోడలో ఏముందో రాలేదు. ఎర్రమంజిల్ ప్యాలెస్ కూల్చి అసెంబ్లీ కడతామన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసినప్పుడూ ఇదే తంతు.

ఇప్పుడు అసలు కష్టం. హైదరాబాద్ రాజుల గురించి మాట్లాడటం లండన్‌లో మాట్లాడినంత సుఖం కాదు. హైదరాబాద్ భారత్‌లో కలిసిన రోజని ఏటా సెప్టెంబర్ 17 వస్తే నిజాం కొందరికి దేవుడు, కొందరికి రాక్షసుడు. మా తాత దొర గడిలో వెట్టి చేశాడు. ఎండాకాలం దొర పల్లకీ ముందు చెప్పుల్లేకుండా పరుగెత్తేవాడని నాయినమ్మ చెప్పేది. ఆ మనవణ్ణే నేను, నిజాం దర్బారు హాల్లో బెల్జియం షాండ్లియర్లు చూపించి పిల్లల ఫీజులు కట్టాను. షాండ్లియర్లు అందంగా లేవని అబద్ధమాడను, ఆ డబ్బు శిస్తుల్లోంచి వచ్చిందని చెప్పడమూ మానలేదు. 1908 మూసీ వరద, ఆ తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, ఉస్మానియా ఆసుపత్రి, 1918లో యూనివర్సిటీ, ఇవన్నీ చెప్పాలి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు చేసిన ఊచకోతా అదే గొంతుతో చెప్పాలి. ఒకటి చెప్పి రెండోది మింగేసేవాడు ఆ పార్టీకో ఈ పార్టీకో స్పోక్స్‌మన్ అవుతాడు. దీనికి లోతుగా చదివిన మనిషి కావాలి, రెండువైపుల నుంచీ తిట్లు తినే ఓపిక కావాలి, వెనక నిలబడే యాజమాన్యం కావాలి. ఈ మూడోదే దొరకదు.

తారీఖులు పక్కపక్కన పెట్టడం వస్తే చాలు, సగం కథ దానంతటదే నడుస్తుంది. 2022 సెప్టెంబర్ 8న ఎలిజబెత్ రాణి పోయిన రాత్రి మన చానళ్లన్నీ నిజాం ఇచ్చిన వజ్రాల హారం ఫోటో చూపించాయి. లండన్‌లో కార్టియే నగల దుకాణంలో ఆమెనే ఎంచుకోమని నిజాం ఇచ్చిన పెళ్లికానుక అది. పెళ్లి 1947 నవంబర్ 20న. సరిగ్గా 9 రోజులకు, నవంబర్ 29న, భారత ప్రభుత్వంతో నిజాం యథాతథ ఒప్పందం (ఏడాది పాటు ఉన్నది ఉన్నట్టు సాగాలనేది) మీద సంతకం చేశారు. సింహాసనం కదిలిపోతున్న వారాల్లో ఒక రాజు దూరదేశపు రాకుమారికి వజ్రాలు ఇస్తున్నాడు. ఏం ఆశించి ఇచ్చాడు? ఈ ప్రశ్న ఏ స్టూడియోలోనూ వినపడలేదు. హారం ధర ఎంతో మాత్రం అంచనాలు కట్టారు. ఇంకో పది నెలలకు, 1948 సెప్టెంబర్ 17న, అదే రాజు దక్కన్ రేడియోలో ప్రజలతో మాట్లాడి తన సైన్యం పోరు ఆపిందని ప్రకటించారు. ఈ నగరంలో రాజరికం గురించి జరిగిన అన్నిటికన్నా పెద్ద బ్రాడ్‌కాస్ట్ రాజు నోటి నుంచే వచ్చింది! ఆ దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. మన రేడియో పుట్టుకే రాచకొలువులో అయినప్పుడు, ఆ సంగతులు చెప్పే ఉద్యోగం మన రేడియోలో ఉండదా?

మీకు పత్రిక ఉంది, చానల్ కూడా ఉందని విన్నాను. క్రికెట్‌కు నలుగురిని పెట్టుకుంటారు, నేను కాదనను, మ్యాచ్ రోజు నేనూ చూస్తాను. రాజులకు, కోటలకు ఒక్క మనిషిని పెట్టండి. జీతం నెలనెలా ఇవ్వండి, వార్త ఉన్న రోజుకు ఇంత అని కాదు. వార్త లేని రోజుల్లో ఆర్కైవ్స్‌కు, పురానీ హవేలీకి, వనపర్తి, గద్వాల సంస్థానాలకు పంపండి. పల్లెల్లో గడులు చాలా కూలిపోతున్నాయి, వాటిలో వెట్టి చేసినవాళ్ల కొడుకులు ఇంకా బతికే ఉన్నారు, వాళ్ల మాటలు రికార్డు చేయించండి. వజ్రాన్ని పేపర్‌వెయిట్‌గా వాడిన కథ మాత్రం ఇక చాలు. కావాలంటే ఆ జాకబ్ వజ్రంతో సహా నిజాం నగలను 1995లో కేంద్రం 218 కోట్లకు కొన్నదాకా జరిగిన కోర్టు పంచాయితీ మీద కార్యక్రమం చేయించండి, అది సీరియల్ కన్నా రంజుగా ఉంటుంది.

ఆ మనిషి దొరికేదాకా నాకు ఫోన్ చేస్తూనే ఉంటారని తెలుసు. చేయండి, కాదనను. ప్రశ్నలు ముందు రోజు పంపమనండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం వద్దు, పడుకుంటాను.

ఇట్లు,
ఓ రిటైర్డ్ టూరిస్ట్ గైడ్,
గౌలిపుర, హైదరాబాద్