మా బోటు ఇంజనును నిలబెట్టిన వారికి కృతజ్ఞతలు

విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో ఉండే మా ఫైబర్ బోటు ఇంజను గత నెలలో స్టార్టరు కొట్టగానే ఠక్కున ఆగి పట్టేసింది. మొదట చూసిన వర్క్‌షాపు వారు ఇంజనును పైకి తీసి పూర్తిగా విప్పాల్సిందేనని తేల్చి చెప్పారు. అలా విప్పకుండానే నీరు ఏ దారిన లోపలికి వచ్చిందో పట్టుకుని, మా జీవనాధారాన్ని మళ్ళీ నిలబెట్టిన ముగ్గురికి అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. జూన్ 14తో సముద్రంలో చేపల వేట నిషేధం ముగుస్తుందనగా హార్బరులో ఏ మెకానిక్కుకీ ఊపిరి సలపదు. అలాంటి రోజుల్లో వారు మాకోసం సమయం కేటాయించారు.

ఓడల్లో చీఫ్ ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మా వీధి పెద్దాయన ఫోనులోనే మొట్టమొదట చెప్పిన మాట, ఇక స్టార్టరు ముట్టుకోవద్దని. గాలి నొక్కితే నలుగుతుంది కానీ నీరు నలగదు, కాబట్టి సిలిండరులో నీరు ఉండగా బలవంతంగా తిప్పితే పిస్టనును క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుందని ఆయన వివరించారు. వచ్చీ రాగానే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లనూ విప్పించి, క్రాంకు పుల్లీకి స్పానరు తగిలించి, చేత్తో మెల్లగా తిప్పించారు. నాలుగో సిలిండరు రంధ్రం నుంచి తుప్పు రంగు నీరు ఇంజను పెట్టె మూత దాకా చిమ్మింది, మూడో దానిలోంచి కొద్దిగా వచ్చింది, మిగతా రెండూ పొడిగానే ఉన్నాయి. ఆయిల్ డ్రెయిన్ బోల్టును కొద్దికొద్దిగా వదులు చేస్తే ముందు నీరు, దాని వెనుక పాలు కలిపిన కాఫీలా మారిన ఆయిల్ దిగాయి.

నీరు కనిపించగానే సిలిండర్ల పైమూత కింద ఉండే హెడ్ గాస్కెట్ పోయిందనడం సులభం. ఆయన మాత్రం అది ఏ నీరో తేలనిదే ఏ భాగమూ విప్పవద్దన్నారు. ఇంజనును చల్లబరిచే ద్రవం, అంటే కూలెంటు, ఉండే ట్యాంకులో మట్టం తగ్గలేదు, చిమ్మిన నీటిలో కూలెంటు ఆకుపచ్చ ఛాయ లేదు, చేతి పంపుతో పెట్టిన ఒత్తిడికి కూలెంటు వ్యవస్థ ఎక్కడా కారలేదు. సముద్రపు నీరు ప్రవహించే ఆయిల్ కూలరును కూడా విడిగా ఒత్తిడి పెట్టి చూస్తే గట్టిగానే ఉంది. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మా మేనమామగారు ఆ నీటిని సీసాలో పట్టుకెళ్ళి సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే, పెరుగు విరిగినట్టు చిక్కటి తెల్లని మడ్డి దిగింది. క్లోరైడు అంత దండిగా ఉందంటే అది సముద్రపు నీరే. ఇక మిగిలిన దారి పొగ బయటికి పోయే ఎగ్జాస్టు ఒక్కటే.

మా ఇంజనులో పొగ చల్లబడటానికి ఎగ్జాస్టు ఎల్బో అనే వంపు గొట్టం దగ్గర సముద్రపు నీటిని పొగలో కలుపుతారు. ఆ ఎల్బో లోపలి గోడకు ఒక పక్క మండే పొగ, మరో పక్క ఉప్పునీరు ఉంటాయి కనుక, బయటి రంగు చెక్కుచెదరకపోయినా లోపల తినేస్తుంది. గోడ చిల్లుపడితే, ఇంజను ఆగాక అందులో నిలిచిన నీరు సిలిండర్ల పొగ వచ్చి కలిసే మానిఫోల్డులోకి జారి, తెరిచి ఉన్న ఎగ్జాస్టు వాల్వు గుండా సిలిండరులోకి దిగుతుంది. హార్బరులో మెకానిక్ అయిన తమ్ముడు టార్చి వేసి ఎల్బోను బోల్టులతో బిగించే ఫ్లాంజి అంచున నల్లటి మసి చార, దాని మీద తెల్లటి ఉప్పు పెచ్చు చూపించాడు. పొగ, నీరు రెండూ అక్కడ కారుతున్నాయనడానికి అంతకన్నా సాక్ష్యం ఏముంటుంది? ఎల్బో ఊడదీసి, సముద్రపు నీరు తిరిగే భాగాన్ని మూసి నీళ్ళు నింపితే, ఇంజను వైపు గోడ మీద చుక్కలు చుక్కలుగా ఊరింది.

ఆ మసి చార చూసి పెద్దాయన మా కుర్రాళ్ళను తలనొప్పి వస్తుంటుందా అని అడిగారు. రాత్రి క్యాబిన్‌లో పడుకున్నప్పుడు వస్తుందని వారు చెప్పారు. కారే పొగలో ఉండి తలనొప్పి తెప్పించే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. ఇంజను సంగతి ఎలా ఉన్నా, ఈ ఒక్క ప్రశ్న అడిగినందుకు మా ఇంటిల్లిపాదీ ఆయనకు జీవితాంతం రుణపడి ఉంటాము.

ఉప్పునీరు తగిలిన సిలిండరు గోడ త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి, తమ్ముడు అదే సాయంత్రం సిలిండర్లలో డీజిల్, ఆయిల్ పోసి, విడిచి విడిచి తిప్పుతూ ఉన్నాడు. ఫోనుకు తగిలించే సన్నని కెమెరాతో చూస్తే నాలుగో సిలిండరులో పలుచటి తుప్పు చారే ఉంది, లోతైన గీతలు లేవు. కొత్త ఎల్బో బిగించాక, తెల్లదనం పూర్తిగా పోయేవరకు ఆయిల్, ఫిల్టరు మారుస్తూ వచ్చారు. సిలిండరులో గాలి నొక్కుకునే ఒత్తిడి, అంటే కంప్రెషను, నాలుగింటికీ దాదాపు సమానంగా వచ్చింది. సముద్రపు నీరు సైఫను పట్టి వెనక్కి రాకుండా, నీటి మట్టానికి బాగా ఎత్తున గొట్టాన్ని వంపు తిప్పి, ఆ వంపు పైభాగాన గాలి వాల్వు కూడా పెట్టించారు. సబ్బు నీళ్ళు రాసి చూస్తే ఇప్పుడు ఏ అతుకు దగ్గరా బుడగ రావడం లేదు.

పెద్దాయన ఒక్క రూపాయి కూడా పుచ్చుకోలేదు, మామయ్యగారు ప్రయోగశాల ఖర్చు తనదేనన్నారు, తమ్ముడు కూలి మాత్రమే తీసుకున్నాడు. పాత ఎల్బోను నిలువునా కోయించి అతని షెడ్డులో ఉంచాము. ఇలాంటి ఇంజను ఉన్న బోటు వారు ఎవరైనా వచ్చి, లోపలి గోడ ఎలా తినేసిందో చేత్తో పట్టుకుని చూడవచ్చు.